ప్లే డే నాడు గోదారి దాకా

రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కి, తెల్లారగట్ల 'భద్రాచలం రోడ్' అన్న బోర్డు చూసి గబగబా దిగిపోయిన భక్తులు స్టేషన్ బయటికి రాగానే అటూ ఇటూ చూస్తారు. గుడి గోపురం కనబడదు. గోదారి జాడ ఉండదు. "భద్రాచలం ఇంకా 40 కిలోమీటర్లండీ. ఇది కొత్తగూడెం" అని ఆటోవాలా చెబితే గానీ సంగతి అర్థం కాదు. పాపం, రైలు తప్పేం లేదు. అది ఇక్కడికి రాముడి కోసం రాలేదు, బొగ్గు కోసం వచ్చింది. కొత్తగూడెం దాటాక కూడా పట్టాలు మణుగూరు గనుల దారి పట్టాయి గానీ భద్రాచలం వైపు చూడలేదు.

స్టేషన్‌కి పక్కూరి పేరు పెట్టారని కొత్తగూడెం వాళ్లేమీ బాధపడరు. అసలు ఈ ఊళ్లో "మీదేవూరు?" అని అడిగితే సూటిగా "కొత్తగూడెమే" అనేవాళ్లు తక్కువ. శ్రీకాకుళమనో, కాకినాడనో, కరీంనగరనో, నల్గొండనో మొదలుపెట్టి "మా తాత బాయి పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు" అని ముగిస్తారు. బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు బావి. ఊరు పుట్టిందే దాని కోసం.

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. దగ్గర్లోని సింగరేణి అనే పల్లె పేరు గనులకు అంటుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945 నాటికి నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇల్లెందులో ఉన్న ప్రధాన కార్యాలయం కొత్తగూడేనికి మారింది. అడవి మధ్య ఇన్ని బావులు తవ్వాలంటే మనుషులెక్కడ దొరుకుతారు? దూరం నుంచి రావాల్సిందే. వచ్చారు. పాత కొత్తగూడెం, రుద్రంపూర్, రామవరం, బాబు క్యాంపు... ఒక్కో పేటలో నాలుగైదు జిల్లాల యాసలు వినబడేవి. ఇప్పటికీ వినబడతాయి.

అప్పట్లో గోదావరి జిల్లాల నుంచీ విశాఖ వైపు నుంచీ వచ్చిన కూలీకి ఈ ఊరు మాటవరసకి కాదు, నిజంగానే పరదేశం. వాళ్లది బ్రిటిష్ వాళ్ల మద్రాసు రాజ్యం. ఇది నిజాం రాజ్యం. కచేరీలో ఉర్దూ, చేతిలో హాలీ సిక్కా. నిజాం రూపాయలు 7 ఇస్తే బ్రిటిష్ రూపాయలు 6 వచ్చేవి. ఇంటికి నాలుగు డబ్బులు పంపుకునే కూలీకి ఏ లెక్క రాకపోయినా ఈ లెక్క రాక తప్పదు. ఆ కూలీల మునిమనవలు ఇప్పుడు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కూర్చుని డాలర్‌కి ఎన్ని రూపాయలో చూసుకుంటున్నారు. లెక్క మారింది, అలవాటు అదే.

ఎటు పోదాం?

సింగరేణిలో వారాంతపు సెలవుని 'ప్లే డే' అంటారు. ఇంగ్లీషు దొరలు వదిలిపోయిన మాట. చదువురాని కార్మికుడి నోట కూడా అంతే సహజంగా పలుకుతుంది. ఆ రోజు డ్యూటీకి వెళ్తే రెట్టింపు కూలి పడుతుంది గనక ప్లే డే మస్టర్ కోసం పోటీ కూడా ఉంటుంది. అది దొరకనివాళ్లకూ, వద్దనుకున్నవాళ్లకూ పొద్దున్నే ఒకటే సమస్య. సొంతూరు వెళ్లి రావడానికి ఒక్క రోజు చాలదు. క్వార్టర్‌లో కూర్చుంటే పొద్దుపోదు.

ఇలాంటి ఇద్దరు ఈ ఊళ్లో ఏ టీకొట్టు దగ్గరైనా దొరుకుతారు. ఒకరిది విజయనగరం వైపు, గనిలో చేరి ఏడాదయి ఉంటుంది. రెండోవాడు రుద్రంపూర్ క్వార్టర్లలో పుట్టినవాడు, నాన్న కోల్ ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్ పట్టి రిటైరైనవాడు. పోస్టాఫీస్ సెంటర్‌లో రెండో టీ తాగుతుండగా మాట పుడుతుంది.

"ఎటన్నా పోదామా మామా?"

"ఎటంటే?"

"బండెక్కు. ఎటో తర్వాత చూద్దాం."

చూసేదేముంది, ఎక్కడికని అడగకుండా బండెక్కినా ఇక్కడి దారి పాల్వంచ మీదుగా గోదారి దగ్గరికే తీసుకెళ్తుంది. జగ్దల్‌పూర్ నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి అది. ముందు రోజు రాత్రి సర్దుకున్న బ్యాగులుండవు, టిఫిన్ డబ్బాలుండవు. దసరా వెళ్లిన తర్వాత ఓ ఆదివారమైతే ఇంకా మంచిది. వానలు వెనకబడి అడవి కడిగినట్టుంటుంది, గోదారి ఎర్ర రంగు వదిలి తేటపడుతుంది.

పాల్వంచ వచ్చేముందు చాలా ఏళ్లపాటు ఆకాశంలో ఒక గుర్తు ఉండేది. కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు. దూరదేశాల నుంచి సెలవుకు వచ్చిన పిల్లలు అవి కనబడగానే "వచ్చేశాం" అనుకునేవారు. కాలం చెల్లిన ఆ ఎనిమిది టవర్లనూ 2024 ఆగస్టులో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. కొన్ని సెకన్ల పని. కొత్త యూనిట్ల టవర్లు ఉన్నాయి గానీ, పాతవి చూసి పెరిగిన కళ్లు ఇంకా ఆ ఖాళీలోనే వెతుక్కుంటాయి.

రుద్రంపూర్ కుర్రాడు ఇక్కడ బండి నెమ్మది చేసి మరో సంగతి చెబుతాడు. 1969 తెలంగాణ ఉద్యమానికి తొలి నిప్పు రాజుకున్నది ఈ థర్మల్ కేంద్రంలోనే. స్థానికులకు రావాల్సిన ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయని మొదలైన గొడవ అది. ఆ జనవరిలో ఖమ్మంలో అన్నాబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చోవడంతో కాలేజీలన్నిటికీ పాకింది. వెనక కూర్చున్న విజయనగరం కుర్రాడు కాసేపు మాట్లాడడు. తర్వాత "అయితే నేనేటి, బయటోడినా?" అంటాడు. "మా తాత మాత్రం లోపలోడా? రాజోలు నుంచొచ్చాడు" అని ఇతను నవ్వేస్తాడు. నవ్వేసినంత తేలిక విషయమేమీ కాదది. ఆ ప్రశ్న మీద ఈ నేలన ప్రాణాలు పోయాయి, చివరికి 2014లో రాష్ట్రమే రెండైంది. బండి మీద పోతున్న ఇద్దరు స్నేహితుల మధ్య మాత్రం అంతకంటే ముందుకు సాగదు.

పాల్వంచ దాటాక జగన్నాథపురం దగ్గర పెద్దమ్మ తల్లి గుడి. కొత్త బండి కొన్నవాళ్లు, పాత బండికి ఇన్సూరెన్స్ లేనివాళ్లు, లారీ డ్రైవర్లు... ఎవరూ ఆగకుండా పోరు. ఆదివారం వచ్చిందంటే చెట్ల కింద పొయ్యిలు వెలుగుతాయి, మేకపోతు కూర వాసన రోడ్డు మీదికి వస్తుంది. పిలవకపోయినా కూర్చుంటే విస్తరి వేస్తారు. తొందరేం లేనివాళ్లకు భోజనం ఇక్కడే అయిపోతుంది.

ఇక్కడి నుంచి సారపాక దాకా దారి అడవిది. టేకు, మద్ది, ఇప్ప, తునికి. మధ్యమధ్య పత్తి చేలు, మిర్చి తోటలు. అడవి అక్కడక్కడా వెనక్కి జరిగిందని, చోటు చేసుకున్నది మనిషేనని తెలుస్తూనే ఉంటుంది. మోరంపల్లి బంజర దాటి సారపాక చేరితే కాగితం మిల్లు. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఈ మిల్లు గోదారికి ఇవతలి ఒడ్డున ఉన్నా దాని పేరులో చాలాకాలం భద్రాచలమే ఉంది. ఈ చుట్టుపక్కల రాముడి ఊరి పేరు పెట్టుకోనిదేదీ లేనట్టుంది. 2016 అక్టోబరులో వచ్చిన కొత్త జిల్లా కూడా భద్రాద్రి కొత్తగూడెమే.

వంతెన మీద ఒక నిమిషం

సారపాక చివర గోదారి ఒక్కసారిగా విప్పుకుంటుంది. ఎన్నిసార్లు చూసినవాళ్లయినా బండి ఆపాల్సిన చోటిది. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన ఇది. ఇప్పుడు పక్కన రెండోది కూడా వచ్చింది. అంతకుముందు పడవే గతి. వరదొస్తే అదీ లేదు.

ఈ నీళ్లు ఒకప్పుడు రెండు రాజ్యాల మధ్య గీత. 1860 ఒప్పందంతో నిజాం గోదారికి ఎడమ ఒడ్డున ఉన్న ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. అలా భద్రాచలం మొదట మధ్య పరగణాల్లోకి, 1874లో మద్రాసు రాజ్యంలోకి పోయింది. కుడి ఒడ్డు నిజాందే. అంటే 1940ల్లో కొత్తగూడెం బొగ్గు కార్మికుడు ఇలా ఒక పూట రాముణ్ని చూసి వద్దామనుకుంటే, వెళ్లేది విదేశానికే! విచిత్రమేమిటంటే కోస్తా నుంచి వచ్చిన కూలీకి మాత్రం అది సొంత దేశం. పడవ దిగి అవతలి మట్టి మీద కాలు పెడితే తన రాజ్యంలో ఉన్నట్టు. సాయంత్రం పడవెక్కితే మళ్లీ పరదేశం.

గుడి కట్టించిన కంచర్ల గోపన్న కూడా ఇటు నుంచి అటు వెళ్లినవాడే. ఊరు నేలకొండపల్లి. కొలువు గోల్కొండ తానీషాది. తహసీల్దారీ పాల్వంచ పరగణాకి. సర్కారు సొమ్ముతో గుడి కట్టి, గోల్కొండ ఖిల్లాలో చెరసాల పాలై రామదాసైన కథ తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ అంతకుముందు కథ ఒకటుంది. పుట్టలో ఉన్న రాముణ్ని మొదట గుర్తించి, పైన పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే కోయ స్త్రీ అని ఇక్కడివాళ్లు చెబుతారు. తహసీల్దారు వచ్చింది ఆ తర్వాతే. గోపురాలు చూసి వచ్చేవాళ్లు ఈ పేరు కూడా అడిగి తెలుసుకుంటే బాగుంటుంది.

దర్శనం అయ్యాక కరకట్ట ఎక్కితే నది నీటిమట్టం గుర్తులు చూడొచ్చు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడంకెలూ భద్రాచలంలో చిన్నపిల్లాడికి కూడా కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. ఆ రెండోసారి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కొత్తగూడెం 40 కిలోమీటర్ల దూరమే అయినా, ఆ రెండు రోజులు మళ్లీ అవతలి దేశమైపోయింది.

మధ్యలో ఇంకో రాష్ట్రం

"ఇంత దూరం వచ్చాం, పర్ణశాల చూడకుండా పోతామా" అన్న మాట సాధారణంగా మధ్యాహ్నం భోజనం దగ్గర వస్తుంది. ఇంకో 35 కిలోమీటర్లు. ఊరి పొలిమేర దాటగానే ఎటపాక. రావణుడితో పోరాడి జటాయువు పడిపోయిన చోటని నమ్మకం. కానీ ఇప్పుడు అక్కడ అందరి కళ్లూ పడేది ఇంకో దాని మీద. 'ఆంధ్రప్రదేశ్' అన్న బోర్డు.

పోలవరం ముంపు పేరుతో 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణాన్ని మాత్రం తెలంగాణకు ఉంచారు. దాంతో పట్టణం ఒక రాష్ట్రంలో, దాని చుట్టుపక్కల ఊళ్లు ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. దేవుడు తెలంగాణలో, పురుషోత్తపట్నంలో ఉన్న దేవుడి భూములు ఆంధ్రలో. పట్టణం చెత్త పారబోసుకోవడానికి కూడా జాగా వెతుక్కోవాల్సిన పరిస్థితి. పర్ణశాల వెళ్లే బస్సు తెలంగాణలో బయల్దేరి, ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం వంటి ఆంధ్ర ఊళ్లు దాటి, మళ్లీ తెలంగాణలోని దుమ్ముగూడెం మండలంలోకి వస్తుంది. కిటికీ పక్కన కునుకు తీసినవాడికి రెండు సరిహద్దులూ తెలియవు. ఆ ఊళ్లలో ఉండేవాళ్లకే తెలుస్తాయి. రేషన్ కార్డు నుంచి పిల్లల చదువుల్లో లోకల్, నాన్‌లోకల్ దాకా అన్నిటికీ ఆ గీత అడ్డం వస్తుంది. కూరగాయలకూ, ఆస్పత్రికీ పక్కనే ఉన్న భద్రాచలం. కలెక్టరు కోసం మాత్రం ఎక్కడికో పోవాలి. 2022 వరదల తర్వాత మళ్లీ తెలంగాణలో కలపమని అయిదు పంచాయతీల వాళ్లు గట్టిగా అడిగారు. అడుగుతూనే ఉన్నారు.

ఎటపాకలో 1945లో పుట్టిన మనిషిని తీసుకోండి. పుట్టింది మద్రాసు రాష్ట్రంలో, తూర్పు గోదావరి జిల్లాలో. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో మళ్లీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆయన ఇల్లు మాత్రం ఒక్క అడుగు కూడా కదల్లేదు. అదే ఏడాది కొత్తగూడెంలో పుట్టినవాడిదీ ఇదే వరస. నిజాం రాజ్యం, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. జిల్లాలు వరంగల్, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం. ఊరు విడిచి వెళ్లినవాళ్లే పరాయివాళ్లవుతారనుకుంటాం గానీ, కదలకుండా కూర్చున్నవాళ్లను కూడా ఈ గోదారి ఒడ్డున గీతలు వదల్లేదు.

దుమ్ముగూడెం దగ్గర పాత ఆనకట్ట ఉంది. కాటన్ దొర కాలంలో గోదారి మీదుగా మధ్య భారతం పత్తిని పడవల్లో సముద్రానికి చేర్చాలని కలగన్నారు. బండరాళ్లు అడ్డమొచ్చిన చోట కాలువలు, లాకులు తవ్వారు. ఖర్చు తడిసి మోపెడై 1871లో పని ఆపేశారు. ఆ రాళ్ల మీద కూర్చుని నీళ్ల చప్పుడు వింటే గంట ఇట్టే గడిచిపోతుంది.

ఇక పర్ణశాల. సీతవాగు, రాళ్ల మీద నారచీరలు ఆరేసిన గుర్తులు, బంగారులేడి బొమ్మలు, వెదురు బుట్టలూ గాజులూ అమ్మే కొట్లు. రాముడు వనవాసంలో ఉన్నది ఇక్కడేనని ఊరివారి మాట. నాసిక్ పంచవటి వాళ్లు ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి. ఏదైతేనేం, ఊరొదిలి వచ్చి అడవిలో ఆకుల గుడిసె వేసుకున్న కుటుంబం కథ ఇది. చూడటానికి వచ్చే జనం కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి వెళ్లిపోతారు.

నిజానికి ఆకుల గుడిసెలు ఈ అడవిలో ఇప్పటికీ ఉన్నాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, అటు దాడులూ ఇటు ఎదురుదాడులూ తట్టుకోలేక వేల కుటుంబాలు సరిహద్దు దాటి ఈ అడవుల్లోకి వచ్చాయి. ఇక్కడివాళ్లు వాళ్లను గుత్తికోయలు అంటారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం చెల్లదని తీర్పు చెప్పినా చాలామంది వెనక్కి వెళ్లలేదు. అక్కడ షెడ్యూల్డు తెగ కింద లెక్క. ఇక్కడ ఆ గుర్తింపు లేదు. పోడు కొట్టిన నేలకు పట్టా లేదు. ఇక్కడి కోయలతో మాట కలుస్తుంది, దేవుళ్లు కలుస్తారు, కాగితాలే కలవవు. వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టారు. సంత రోజున ఇప్పపువ్వో, చింతపండో, మిర్చి కోతల కూలి డబ్బులో పట్టుకుని రోడ్డు పక్కన నడుచుకుంటూ కనబడతారు. ఉప్పు, నూనె, పిల్లలకో బిస్కెట్ పొట్లం కొనుక్కుని చీకటి పడకముందే అడవిలోకి వెళ్లిపోతారు. వాళ్ల ఒక రోజు ప్రయాణం అంతే.

విజయనగరం కుర్రాడు వాళ్లను చూసి "వీళ్లదేవూరు?" అని అడుగుతాడు. రుద్రంపూర్ కుర్రాడు చెయ్యెత్తి అడవి వైపు చూపిస్తాడు. ఊరి పేరు అతనికీ తెలియదు.

తిరుగు ప్రయాణం త్వరగా అయిపోతుంది. భద్రాచలంలో ఓ టీ, వంతెన మీద ఎర్రబడ్డ నీళ్లు, సారపాకలో మిల్లు వాసన. పాల్వంచ చేరేసరికి బాగా చీకటి పడుతుంది. కిన్నెరసానికి మళ్లే రోడ్డు అక్కడే. డ్యామూ, జింకల పార్కూ, అద్దాల మేడా అన్నీ అటే. విశ్వనాథ వారి 'కిన్నెరసాని పాటలు' బళ్లో చదువుకున్న విజయనగరం కుర్రాడికి పొద్దున్నించీ ఆ వాగుని చూడాలనే ఉంది. కానీ గేటు మూసేసి ఉంటారు, పైగా తెల్లారితే ఫస్ట్ షిఫ్ట్, 7 గంటలకల్లా బాయి మీద మస్టర్ పడాలి.

"వచ్చే ప్లే డేకి చూద్దాంలే బావా."

"ఆ రోజు మస్టర్ దొరికితే?"

"దొరికితే నువ్వు దిగు. నేనొక్కణ్నే పోతా."